పైడితల్లి గడప

టాటానగర్ ఊళ్ళో, బిర్సానగర్ పేటలో నాకు ఇళ్ళు కట్టే సామాను కొట్టు ఉంది. ఇసుక, కంకర, సిమెంటు, ఇనప కడ్డీలు అమ్ముతాను. ఇలా తెలుగులో చెప్పుకుంటే నా కొట్టుకి ఈగ కూడా రాదు. బాలూ, గిట్టీ, ఛడ్ అని అరిస్తేనే బేరం. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు గనక కడదాకా కంకర అనే అన్నాడు. నేను గిట్టీ అంటాను. మావాడు ఏమీ అనడు, ఫోన్లో ఫొటో తీసి పంపిస్తాడు.

నారాయణమూర్తి నోటికి అడ్డూ ఆపూ ఉండదని మా వీధిలో నాకు పేరు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, కోపం వచ్చిన చోట దాచుకోవడం నాకు చేతకాదు. పైడితల్లి వదిన సంగతి చెప్పేటప్పుడు కోపం, నవ్వు, గొంతుకి అడ్డం పడేది ఇంకేదో, అన్నీ కలిసే వస్తాయి.

పైడితల్లి వదిన రెజా. తాపీ మేస్త్రీ పక్కన ఇటుకలూ, సిమెంటు మాలూ మోసే ఆడకూలీని ఇటువైపు అలా అంటారు. పెళ్ళై విజయనగరం పక్కనించి ఈ ఊరొచ్చిన ఏడాదే తట్ట నెత్తికెత్తుకుంది. ఆవిడ మోసిన ఇటుకలతో సాక్చీలో దుకాణాలు లేచాయి, గోల్‌మురిలో మేడలు లేచాయి. మోసిన మాలంతా ఒకచోట పోస్తే దల్మా కొండకి తమ్ముడు పుట్టేవాడు. ఆటోలో వెళుతుంటే వేలు పెట్టి చూపించేది, “అదిగో బాబూ, ఆ పైయంతస్తు నాను మోసిందే” అని. చూపించడంలో గొప్పేమీ ఉండేది కాదు. తెలిసినవాళ్ళు కనబడ్డారని చెప్పినట్టు చెప్పేది.

ఇన్ని ఇళ్ళు మోసిన మనిషికి ఇల్లు లేదు. అందులో వింతేమీ లేదు, మా వీధిలో సగం మంది సంగతి అంతే. అయితే మిగతావాళ్ళు ఇల్లు కావాలంటారు. వదిన మాత్రం ఎప్పుడూ గడప కావాలనేది.

“నాకంటూ ఓ గడప ఉండాల బాబూ. సుక్రోరం పూట కూకుని పసుపు రాసుకోవాల. దాని మీంచి ఎవులైనా వత్తే, రండి లోపలికి అనాల.”

ఆ పిచ్చి అంటించింది ఆవిడ పెనిమిటి అసిరయ్య. తాపీ మేస్త్రీ. నాకు సొంత అన్న లేడు, ఆ లోటు ఆయన తీర్చాడు. గోల్‌మురిలో ఫ్యాక్టరీ క్వార్టర్లో పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ క్వార్టరు వాళ్ళది. రిటైరయ్యాక ఖాళీ చేసి తాళం అప్పజెప్పాలి, అది అందరికీ ఉన్న పద్ధతే. ఖాళీ చేసిన రోజు శుక్రవారం. వాళ్ళమ్మ పొద్దున్నే గడపకి రాసిన పసుపు ఇంకా ఆరనేలేదట. ఆ తడి పసుపు మీంచే మంచాలూ, ట్రంకుపెట్టెలూ దాటించారట. ఆ సంగతి అసిరయ్య అన్న తాగినప్పుడు చెప్పేవాడు, తాగనప్పుడూ చెప్పేవాడు.

తర్వాత అంతా అద్దె గదులే. పెళ్ళయ్యాక వదినా ఆయనా కాపురం పెట్టింది నా కొట్టు వెనక వీధిలో, ఒంటి గదిలో. దానికి గడప లేదు. గోడలో ఒక ఖాళీ, దానికో రేకు తలుపు, కింద లోపలికీ బయటికీ ఒకటే సిమెంటు నేల. వానొస్తే వీధి తిన్నగా ఇంట్లోకి వచ్చి కూర్చునేది.

ఒకరోజు అన్న తన పాత క్వార్టరుకి వెళ్ళాడు. అప్పటికి అందులో వేరేవాళ్ళు ఉంటున్నారు. తలుపు తట్టి, మీ ద్వారబంధం కొలుచుకుంటానన్నాడు. ఆ ఇంటావిడ ఫ్యాక్టరీ మనిషి కాబోలు అనుకుని టీ కూడా ఇచ్చిందట. టీ తాగి, ఎత్తూ వెడల్పూ తాడుతో కొలిచి, ముళ్ళు వేసుకుని వచ్చేశాడు. ఆ తాడు పట్టుకెళ్ళి వడ్రంగి ధర్మరాజు చేతిలో పెట్టాడు. ధర్మరాజు వంటింటి గోడ అన్న కట్టాడు, అన్నకి ద్వారబంధం ధర్మరాజు చేశాడు. ఒకరి చేతిపనికి ఇంకొకరి చేతిపని చెల్లు.

సాలు చెక్క ద్వారబంధం అది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవదు. ఇప్పుడు చేసేవాటికి మూడు పక్కలే ఉంటాయి, కింద గడప ఉండదు, టైల్సు సాఫీగా లోపల్నించి బయటికి పోతాయి. దీనికి నాలుగు పక్కలూ ఉన్నాయి. గడప మందంగా, కూర్చుంటే కూర్చోనిచ్చేలా ఉంటుంది. పైచెక్కకి బయటివైపు ధర్మరాజు తామరపువ్వు చెక్కాడు. చూడ్డానికి క్యాబేజీలా ఉంటుంది గానీ, తామరే అనుకోవాలి.

“ఎత్తు తక్కువైపోయింది కదన్నా, నీకు తల తగులుతుంది” అన్నాను.

అసిరయ్య అన్న మంచి పొడుగు మనిషి. నవ్వాడు. “ఎక్కడ తల వొంచాలో నా ఒంటికి తెల్సురా. ఎత్తు మారిత్తే అది ఎవులిల్లోలాగుంటాది.”

ద్వారబంధం ముందు వచ్చింది. స్థలం చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది, ఆ అద్దె గదికి ఎదురుగానే, చిన్న ముక్క. పని లేని రోజుల్లో అన్న తనే గునపం పట్టి పునాది గోతులు తవ్వుకున్నాడు. ఆ ఏడే కామెర్లు వచ్చి పోయాడు. గోతుల్లో వాననీళ్ళు నిలిచాయి, తర్వాత వాటంతటవే పూడిపోయాయి, వాటిమీద పిచ్చిమొక్కలు మొలిచాయి. వదిన రోజూ పొద్దున తట్ట పట్టుకుని పనికి వెళుతూ ఆ మొక్కల పక్కనించే వెళ్ళేది.

ద్వారబంధం మాత్రం అద్దె గదిలో గోడకి ఆనించి అలా నిలబడే ఉండిపోయింది. తామరపువ్వు ఉన్న ముఖం గదివైపు, వెనకంతా గోడ. గదిలో అదే పెద్ద సామాను. ఇంటి యజమాని వచ్చినప్పుడల్లా దాన్ని చూసి సణిగేవాడు. వదిన కొడుకు సునీల్ చిన్నప్పుడు దానిముందు నిలబడి, గోడ తట్టి, “కోయీ హై?” అని అరిచేవాడు. ఎవరైనా ఉన్నారా అని. పొయ్యి దగ్గర్నించి వదిన, “ఎవులూ లేరు, రేపు రా” అనేది. వాడు మళ్ళీ తట్టేవాడు. ఆ ఆట నేను చాలాసార్లు చూశాను, చూసి నవ్వాను.

శుక్రవారం వచ్చిందంటే వదిన ఆ గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. ఎక్కడికీ దారితియ్యని గడపకి! నేను ఊరుకుంటానా?

“వదినా, దానికి అవతల గోడే కదా. లక్ష్మీదేవి గోడ దూకి రావాలా ఏమిటి?”

“ఆవిడ తిప్పలేవో ఆవిడ పడతాది. నీకేటి బాబూ?” అనేది పసుపు చేత్తోనే కొంగు సర్దుకుంటూ.

అన్న పోయాక కూడా పసుపు రాయడం మానలేదు. బొట్లు పెట్టడం మాత్రం మానేసింది. పసుపు రాసేసి, పక్కింటి పిల్లని పిలిచి బొట్లు పెట్టించేది. ఈ సంగతి నా భార్య రత్నం చెప్పినప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరిమీద అని అడిగితే చెప్పలేను. ఎవరూ ఆవిణ్ణి పెట్టొద్దనలేదు, ఆవిడే మానుకుంది. ఎవరినీ తిట్టడానికి వీల్లేని కోపం ఉందే, అది చాలా చెడ్డది.

సునీల్ పెద్దవాడయ్యాడు. కాంట్రాక్టరు కింద ఫ్యాక్టరీ పనిలో కుదిరాడు. టాటానగర్ రైల్వేకాలనీలో పెరిగిన మన తెలుగుపిల్ల రజనిని చేసుకున్నాడు. అప్పట్నించీ శుక్రవారం బొట్లు రజని పెట్టేది. మొన్న వానలు వెనకబట్టాక ఒకరోజు సునీల్ నా కొట్టుకొచ్చి, “చాచా, ఘర్ శురూ కర్తే హైఁ” అన్నాడు. ఇల్లు మొదలెడదామంటున్నాడు. తెలుగు అర్థమవుతుంది గానీ వాడి నోట్లోంచి ఎప్పుడూ హిందీయే వస్తుంది. ఆ రోజు నేను ఏ భాషలో ఏమన్నానో నాకు గుర్తులేదు. కొట్టు మూసి వాడి బండెక్కి సూరజ్ దగ్గరికి వెళ్ళాం.

సూరజ్ ఇక్కడి మేస్త్రీ, అసిరయ్య అన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. మంచి పనివాడు. పునాది లేచింది. వదిన తట్ట ఎత్తుకుని ముందు నిలబడింది. “నా ఇంటికి నాను మొయ్యకపోతే ఎవులు మోత్తారు?” అంది. అందరూ వద్దన్నారు, ఆవిడ వినలేదు.

గొడవ ద్వారబంధం దగ్గర వచ్చింది. పాత పద్ధతిలో బేస్‌మట్టం పూర్తికాగానే ముందు ద్వారబంధం నిలబెడతారు. దాన్ని పట్టుకుని రెండువైపులా గోడ లేస్తుంది. ఇప్పుడలా కాదు. గోడలో ఖాళీ వదిలేసి కట్టుకుపోతారు, అన్నీ అయ్యాక చౌఖట్, అదే ద్వారబంధం, తెచ్చి బిగిస్తారు. సూరజ్ అదే చెప్పాడు. వదిన ఒప్పుకోలేదు.

“ముందు అది నిలబడాల. దాని తరవాతే గోడ” అంది.

సునీల్ అడ్డం వచ్చాడు. “మా, గడప్ రహేగా తో బైక్ అందర్ కైసే ఆయేగీ?”

గడప ఉంటే బండి లోపలికెలా వస్తుందని. మా వీధిలో రాత్రయితే బండ్లన్నీ ఇళ్ళలోనే పడుకుంటాయి, మనుషుల పక్కనే. బయట వదిలితే తెల్లారేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. సునీల్ బండి ఇంకా కొత్తది, షిఫ్టుకి వెళ్ళాలంటే అదే ఆధారం. వాడి భయం అబద్ధమని నేను అనలేను. ఎత్తు సంగతి కూడా ఉంది. వాడు తండ్రి అంత పొడుగు.

“బండి కోసం ఇల్లు కడతన్నావేట్రా?” అంది వదిన.

“ఔర్ తుమ్? గడప్ కే లియే?” అన్నాడు వాడు ఉడుక్కుంటూ, మరి నువ్వు గడప కోసమా అని.

“అవును” అంది ఆవిడ.

అప్పుడు వాడు దాన్ని దేవుడి గూటి చుట్టూ బిగిద్దాం, పారెయ్యం కదా అని హిందీలో సర్దిచెప్పాడు. దేవుడి గూట్లోకి నడిచి వెళ్ళేది ఎవరు? ఆ మాట నేను అనబోయేలోపలే వదిన తట్ట నెత్తికెత్తుకుంది. “మీ ఇట్టం నాయినా” అని ఇటుకల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ దెబ్బలాడి ఉంటే నాకు బాగుండేది. మాట పడి ఊరుకున్న ఆ నడక చూడలేకపోయాను.

బేస్‌మట్టం కాంక్రీటు పోసే రోజు వచ్చింది. దాన్ని ఇక్కడ ఢలాయి అంటారు. మిక్సరు గడగడమంటోంది, మనుషులు చక్రాల బండ్లతో మాలు తోస్తున్నారు. అద్దె గది యజమాని, ఇల్లు మొదలైందిగా ఇంక దాన్ని తీసెయ్యండంటే, ద్వారబంధం అంతకుముందే స్థలంలోకి తెచ్చి టార్పాలిన్ కప్పి పెట్టారు. సూరజ్ ఆ రోజు కోసం కొత్త కూలీలని తెచ్చాడు. ముందు రాత్రి వాన పడి నేలంతా బురద. దారిలో నీళ్ళు నిలిచిన గొయ్యి మీదుగా బండి తొయ్యడానికి వాళ్ళకి అడ్డంగా గట్టి దన్ను కావలసివచ్చింది. టార్పాలిన్ కింద గట్టి చెక్క కనబడింది. లాగి గొయ్యి మీద పరిచారు. మధ్యలో ఖాళీ మీద పలకలు వేశారు. వాళ్ళకేం తెలుసు.

నేను సిమెంటు బస్తాలు దింపిస్తూ అటు చూడలేదు. పనివాళ్ళకి టీ తేవడానికి ఇంటికి వెళ్ళిన వదిన కెటిలూ గ్లాసులూ పట్టుకుని వచ్చింది. వచ్చి అలా నిలబడిపోయింది. ఏమైందా అని ఆవిడ చూపు వెంట చూశాను. నిండు బండి తామరపువ్వు మీంచి వెళుతోంది. దాని వెనక ఇంకో బండి గడప మీంచి వెళుతోంది. పసుపు రాసీ రాసీ రంగు తిరిగిన గడప మీద బురదా సిమెంటూ కలిసి కారుతున్నాయి.

“అరే, రోకో!” అని నేను గావుకేక పెట్టాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. “ఊరుకో బాబూ. ఆపొద్దు.”

“ఆపొద్దేమిటి వదినా?”

“ఢలాయి సగంలో ఆపకూడదు. ఆపితే అతుకు పడతాది. అతుకు పడితే అక్కడే పగిలిపోతాది.” నా చెయ్యి వదల్లేదు. “ఇల్లు నాదే గదా.”

కెటిల్ కింద పెట్టి గ్లాసుల్లో టీ పోసింది. వరసగా అందరికీ ఇచ్చింది, ఆ బండి తోస్తున్నవాళ్ళకి కూడా. తర్వాత ఇటుకల మీద కూర్చుని, ఢలాయి అయ్యేదాకా, బండి వెనక బండి తన గడప మీంచి పోతుంటే చూస్తూనే ఉంది. ఒక్కసారి కూడా తల తిప్పుకోలేదు. నేను తిప్పుకున్నాను. నా వల్ల కాలేదు.

చివరి బండి ఖాళీ అయ్యాక లేచి వెళ్ళి పలకలు తీసింది. సూరజ్ అప్పుడు చూశాడు. “ఉస్తాద్ కా చౌఖట్...” అన్నాడు, గురువుగారి ద్వారబంధమని. కూలీల మీదికి చెయ్యెత్తాడు. వదిన అడ్డుపడి, ముందు దీన్ని ఎత్తమంది.

మధ్యాహ్నం షిఫ్టు దిగి సునీల్ వచ్చేసరికి వాళ్ళమ్మ గట్టు మీద ద్వారబంధం పెట్టుకుని, నీళ్ళు పోస్తూ, కొబ్బరిపీచుతో రుద్దుతోంది. నా కొట్లోంచి ఇనప బ్రష్షు తెచ్చి ఇచ్చాను. చాలావరకు వచ్చేసింది గానీ తామరపువ్వు రేకుల మధ్య సిమెంటు బిగిసింది. దాన్ని గోళ్ళతో గీకుతోంది. వేలి చివర్లు చిట్లాయి.

సూరజ్ జరిగిందంతా చెప్పాడు. సునీల్ బండి స్టాండు వెయ్యడం కూడా మరిచిపోయి, దాన్ని అద్దె గది గోడకి వాల్చేసి తల్లి ముందు కూర్చున్నాడు.

“మా, ఉసీ టైమ్ బోల్ దేతీ. రుక్వా దేతీ.” అప్పుడే చెప్పి ఆపించకపోయావా అని.

“ఆపితే బేస్‌మట్టం పగులుతాది రా. మీరు ఉండాలి గదా దాన్లో.”

వాడు ఆవిడ చేతిలోంచి పీచు తీసుకున్నాడు. గీకడం మొదలుపెట్టాడు. ఒక రేకు శుభ్రమైంది, ఇంకోటి శుభ్రమైంది. తలెత్తకుండానే అన్నాడు.

“బైక్ బాహర్ రహేగీ.”

“దొంగలెత్తుకుపోతేనో?”

“జంజీర్ లగా దూంగా” అన్నాడు. గొలుసు వేస్తాడట. ఆ రోజు వాడి బండి కూడా నా కళ్ళకి కొంచెం బుద్ధిమంతురాల్లాగే కనబడింది.

దీపావళి వెళ్ళాక పంతులుగారు ముహూర్తం పెట్టారు. తెల్లారగానే స్థలంలోకి చేరాం. నాలుగు పక్కలా గోడలేం లేవు, బేస్‌మట్టం ఒక్కటే అరుగులా ఉంది. తూర్పువైపు ద్వారబంధం పెట్టే చోట సూరజ్ గుంట వదిలాడు. అందులో నవధాన్యాలు వేశారు, పాలు పోశారు. సునీల్, రజని పీటల మీద కూర్చున్నారు. రత్నం పసుపు కలుపుతోంది. నేను వదిన కోసం చూశాను. కనబడలేదు.

అటు చివర ఇటుకల దొంతి వెనక నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, కొంగు నిండుగా కప్పుకుంది. మేం కనబడేలాగా, తను ఎవరికీ ఎదురుపడకుండా నిలబడింది. ముత్తైదువలు పసుపు రాసే వేళ తను ముందుండకూడదని తనకి తనే తీర్పు చెప్పుకుంది. ఇన్నేళ్ళు ఆ గడప కోసం బతికిన మనిషి! వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనుకున్నాను. రత్నం నన్ను కళ్ళతోనే ఆపింది. లాక్కొస్తే ఆవిడ ఇంకా కుంచించుకుపోతుందని తర్వాత చెప్పింది. అది నిజమే కావచ్చు. నా కోపం మాత్రం తగ్గలేదు.

ద్వారబంధం ఎత్తే వేళైంది. దాన్ని నిలబెట్టి, లోపలివైపు నించి ఒక మనిషి రెండు నిలువుచెక్కలూ గట్టిగా పట్టుకుని కదలకుండా ఉండాలి. బయట మేస్త్రీ దారానికి కట్టిన గుండు వేలాడదీసి నిలువు సరిచూసుకుంటాడు. సూరజ్ దగ్గర పనిచేసే ఆడవాళ్ళిద్దరూ బాందనా పండక్కి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఉన్న ఒక్క మనిషీ మాలు కలుపుతున్నాడు. సునీల్ పీటల మీంచి లేవకూడదు. సరే, నేను పట్టుకుంటానన్నాను. ఈ బొజ్జతో, ఈ నడుంతో. ఎత్తడం అందరం కలిసి ఎత్తాం గానీ నేను ఒక్కణ్ణీ పట్టుకునేసరికి అది నా మీదికి ఒరిగింది. పంతులుగారు మంత్రం ఆపి అమ్మో అన్నారు.

“చాచా, ఛోడియే” అన్నాడు సూరజ్ దాన్ని భుజంతో ఆపి, ఇంక వదలండని. చుట్టూ చూసి, పనిచోట రోజూ పిలిచే పిలుపే పిలిచాడు. “కోయీ రెజా హై క్యా?” రెజా ఎవరైనా ఉన్నారా అని.

ఇటుకల దొంతి వెనకనించి వదిన వచ్చింది. కొంగు నడుముకి దోపుకుంటూ వచ్చింది. పంతులుగారి ముందు ఒక్క క్షణం ఆగింది.

“అత్తనై రాలేదు పంతులుగారూ. రెజానై వచ్చేను. కూలిమనిసికి సెకునమేటి?”

పంతులుగారు పెద్దాయన. ఆయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నారు. “పట్టుకో తల్లీ, గట్టిగా పట్టుకో” అన్నారు.

వదిన లోపలివైపుకి వెళ్ళి రెండు చేతులూ చాపి రెండు నిలువుచెక్కలూ పట్టుకుంది. అంతే, ద్వారబంధం కదల్లేదు. సూరజ్ గుండు వదిలాడు. కొంచెం ఇటు అన్నాడు, ఆవిడ కొంచెం ఇటు తెచ్చింది. బస్ అన్నాడు, అక్కడే ఆపింది. ఎంతమంది ఇళ్ళకి అలా పట్టుకుందో ఆవిడ. వెదురుబొంగులు దన్ను పెట్టారు, అడుగున మాలు కూరారు. బయటివైపు రజని గడపకి పసుపు రాసింది, రత్నం కుంకుమబొట్లు పెట్టింది, పైచెక్కకి మామిడాకులూ నవధాన్యాల మూటా కట్టారు. తామరపువ్వు నిండా పసుపే. కొబ్బరికాయ కొట్టారు.

“ఛోడ్ దో చాచీ, హో గయా” అన్నాడు సూరజ్. అయిపోయింది, ఇంక వదిలెయ్యమని.

ఆవిడ వదల్లేదు. చెక్కని అరచేత్తో నిమురుతోంది. పైనించి కిందికి, మళ్ళీ పైకి.

“ఈ పక్క నానెప్పుడూ సరిగ్గా సూణ్ణేదు బాబూ” అంది నాతో. “ఇన్నాళ్ళూ గోడవైపే ఉండిపోనాది. ఎంత నున్నగా సేయించేడో సూడు, మీ అన్న.”

అప్పుడు నాకు తట్టింది. తామరపువ్వు ఉన్నది బయటిముఖం. ఆ గదిలో అన్నేళ్ళూ ఆ ముఖమే ఆవిడవైపు ఉంది. పసుపు రాసినా, దణ్ణం పెట్టుకున్నా, దాని పక్కనే చాపేసుకుని పడుకున్నా, ఆవిడ తన ఇంటి బయటే ఉంది. ఈ రోజే లోపలికి వెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది. రత్నం చూస్తుందని కూడా చూడకుండా ఏడ్చాను.

“అత్తా, ఇటు రండి, అక్షింతలు వేద్దురు గాని” అని పిలిచింది రజని.

చుట్టూ గోడల్లేవు. ఎటునుంచైనా రెండడుగులు వేస్తే మా దగ్గరికి రావచ్చు. వదిన రాలేదు.

“నానెందుకు రావడం? మీరే లోపలికి రండి” అంది.

అందరూ నవ్వారు. సునీల్ నవ్వలేదు. పీటమీంచి లేచి, గడపకి ఇవతల, తల్లికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చెయ్యెత్తి నిలువుచెక్క మీద వేళ్ళతో తట్టాడు.

“కోయీ హై?” అన్నాడు.

వదిన రెండు చేతులూ ఇంకా చెక్కల మీదే ఉన్నాయి.

“ఉన్నాం. రా నాయినా, లోపలికి రా.”

వాడు కుడికాలు ఎత్తాడు. పైచెక్క దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే, వాళ్ళ నాన్నలాగే తల వంచి గడప దాటాడు.